వించి తర్వాత కొందురు, ముందు మలుపు చూడండి

(దృశ్యం: నెల్లూరు జిల్లా, ముత్తుకూరు వైపు రోడ్డు పక్కన తవ్విన ట్రెంచి. అడుగున నీళ్లు. గట్టు మీద కేబుల్ చుట్టిన చెక్క డ్రమ్ము.)

నమస్తే. అడుగున నీళ్లు చూశారు కదా? చుట్టూ రొయ్యల గుంటలే, కాస్త తవ్వితే చాలు ఉప్పునీళ్లు ఊరతాయి. ఇలాంటి చోట 200 మీటర్ల 11 కేవీ కేబుల్ పరచాలనుకోండి. కొత్తగా కాంట్రాక్టు పట్టిన కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, ఎన్ని టన్నుల వించి తెచ్చుకోమంటావు?" వించి అంటే కేబుల్‌ని తాడుతో లాగే యంత్రం.

నేను ఎదురు అడుగుతాను. మలుపులెన్ని? డ్రమ్ము ఏ చివర దించారు?

(తెర మీద: ట్రెంచి గీత. ఒక చివర నుంచి 30 మీటర్ల దగ్గర మూల మలుపు.)

లెక్క చూద్దాం. మూడు కోర్ల, అంటే లోపల మూడు తీగలున్న, ఒక్కోటి 300 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్. బరువు మీటరుకి 10 కేజీలు అనుకుందాం. రోలర్ల మీద నడిస్తే రాపిడి బరువులో అయిదో వంతు, అంటే మీటరుకి 2 కేజీల లాగుడు. తిన్నగా ఉన్నంతసేపు ఇది కూడుకుంటూ పోతుంది. మలుపు దగ్గర మాత్రం కూడిక కాదు, గుణకారం. అప్పటిదాకా పేరుకున్న లాగుడు మొత్తాన్ని ఆ మలుపు హెచ్చిస్తుంది. రోలర్లుంటే 90 డిగ్రీల మూలకి సుమారు 1.37 రెట్లు.

డ్రమ్ముని మలుపు దూరంగా ఉన్న చివర దించారనుకోండి. 170 మీటర్లకి 340 కేజీలు, మలుపు దాటాక 466, చివరికి 526. అదే డ్రమ్ముని మలుపు దగ్గరున్న చివర దించితే 60 కేజీలే మలుపులోకి వెళ్తాయి, 82 అయి బయటికొస్తాయి, చివరికి 422. లారీ ఎక్కడ ఆగడానికి వీలైతే అక్కడ డ్రమ్ము దించేయడం మనకి అలవాటు. ఆ అలవాటు ఖరీదు 100 కేజీలు.

ఇప్పుడు రోలర్లు తీసేయండి. మట్టి మీద ఈడిస్తే రాపిడి బరువులో సగం అనుకుందాం. అదే మలుపు 2.19 రెట్లు హెచ్చిస్తుంది. డ్రమ్ము తప్పు చివర ఉంటే 2,000 కేజీలు దాటుతుంది. ఈ కేబుల్ ఎంత తట్టుకుంటుంది? పుల్లింగ్ ఐ (లోపలి తీగలకే బిగించే లాగుడు కొక్కెం) వేసి కండక్టరునే, అంటే ఆ తీగలనే పట్టుకుని లాగితే, అల్యూమినియానికి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్లు హద్దు. మూడు కోర్లకి కలిపి 27,000 న్యూటన్లు, అంటే దాదాపు 2,750 కేజీలు. దారిలో ఇంకో మూల వచ్చిందంటే కేబుల్ పోయినట్టే.

అందుకే నా మాట: డబ్బు ముందు రోలర్ల మీద పెట్టండి. తిన్నని దారిలో రెండు మూడు మీటర్లకొకటి, కేబుల్ నేలకి తగలకుండా. మూల దగ్గర నిలువు రోలర్లు వరసగా, వంపు తిరిగేట్టు. ఆ వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి 15 రెట్లకి తగ్గకూడదు. 75 మిల్లీమీటర్ల మందమైతే సుమారు 1.13 మీటర్లు. ఒక్క రోలరు పెట్టి మూల తిప్పితే కేబుల్ ఆ ఒక్క చోటే నలుగుతుంది.

(దృశ్యం: వించి, దాని మీద టెన్షన్ మీటరు ముల్లు.)

రోలర్లు సరిగ్గా ఉంటే ఈ పనికి రెండు టన్నుల వించి ఎక్కువే. కాని దానికి టెన్షన్ మీటరు ఉండాలి, పెట్టిన హద్దు రాగానే తనే ఆగిపోవాలి. మీటరు లేని అయిదు టన్నుల వించి కంటే ఇరవై మంది కూలీలు "ఐలేసా" అంటూ లాగడమే నయం. కేబుల్ ఇరుక్కుంటే మనుషులు ఆగుతారు, వించి ఆగదు.

ఇది అనుభవంతో చెప్తున్న మాట. ఒకసారి ఒంగోలు పక్క నల్లరేగడిలో వించి రాలేదని ట్రాక్టరుకి కట్టి లాగించాను. పది నిమిషాల్లో పనైపోయింది, అందరం చాయ్ తాగాం. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) రీడింగు కూడా బాగానే వచ్చింది. వానలు పడ్డాక ఫాల్టు. తవ్వి చూస్తే మూల మలుపు దగ్గర తొడుగు జానెడు చీలిపోయి ఉంది. ట్రాక్టరు డ్రైవరుని ఏమీ అనలేం, వెనక ఎంత లాగుడు పడుతోందో అతనికి తెలిసే దారే లేదు.

(దృశ్యం: కేబుల్ మూతికి తొడిగిన స్టాకింగ్, దాని ముందు స్వివెల్.)

ఇక స్టాకింగ్, అంటే లాగడానికి కేబుల్ మూతికి తొడిగే అల్లిక వల. మనవాళ్లు సాక్స్ అంటారు. కేబుల్ మందానికి సరిపోయే సైజే తీసుకోండి. వదులైతే జారుతుంది, అందుకే తోక దగ్గర బైండింగ్ వైరుతో బిగించాలి. ఇది పట్టుకునేది పైతొడుగుని, లోపలి కండక్టరుని కాదు. కాబట్టి ఇందాకటి హద్దు దీనికి వర్తించదు, కేబుల్ కంపెనీ డేటా షీటులో వేరుగా చూసుకోండి. దాని ముందు స్వివెల్, అంటే తాడుకీ కేబుల్‌కీ మధ్య తనంతట తిరిగే లంకె, తప్పనిసరి. ఇనప తాడు బిగిసినప్పుడు పురి విప్పుకుంటూ తిరుగుతుంది. స్వివెల్ లేకపోతే ఆ మెలిక కేబుల్‌కి ఎక్కుతుంది. ఖరీదు చూసి దీన్ని వదిలేసేవాళ్లని చూశాను, నాకైతే అర్థం కాదు.

డ్రమ్ము జాకీల కింద నల్లరేగడిలో చెక్క దిమ్మెలు వేయకపోతే ఒక పక్క దిగబడి డ్రమ్ము ఒరుగుతుంది. కేబుల్ డ్రమ్ము పై నుంచి రావాలి. పలకతో బ్రేకు వేయడానికి ఒక మనిషిని ఉంచండి. కనిగిరి వైపు రాతినేలైతే రోలర్లు దించే ముందే రాళ్లు ఏరించండి. హైవే కింద పైపులో లాగేటప్పుడు పైపు మూతికి బెల్ మౌత్ (గరాటులా విచ్చుకున్న మూతి) పెట్టి, కేబుల్‌కి నీళ్లతో చేసిన లూబ్రికెంటే రాయండి. గ్రీజు, కాలిన ఆయిలు వద్దు, తొడుగుని పాడు చేస్తాయి.

తాడు బిగిసి ఉన్నప్పుడు దాని వరసలోగాని, మలుపు లోపలి పక్కగాని ఎవరూ నిలబడకూడదు. పక్కన పాత లైను ఉంటే ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపారని ఇచ్చే అనుమతి) చేతికొచ్చాకే గడ్డపార దించండి.

లాగడం అయ్యాక స్టాకింగ్ పట్టిన మూతి ముక్క కోసేయండి, దాని మీద జాయింటు వేయొద్దు. కోసిన వెంటనే రెండు చివరలకీ ఎండ్ క్యాప్ తొడిగి, బిగిసేలా వేడి చేయండి. అడుగున ఉప్పునీళ్లున్నాయని మొదట్లోనే చూశాం కదా, జాయింటరు రేపొస్తాడని తెరిచి పెడితే అవి రాత్రికి రాత్రే లోపలికి ఎక్కుతాయి.