షికాగో వదిలేసి కలకత్తా చేరిన టెడ్డీ వెదర్‌ఫర్డ్

నమస్కారం. జాజ్, అంటే అమెరికాలో నల్లవాళ్ల దగ్గర పుట్టిన సంగీతం, ఆ పేరు వినగానే స్టేషన్ మార్చేసేవాళ్లు మీలో కొంతమంది ఉంటారని తెలుసు, ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. ఇవాళ నేను చెప్పబోయే పియానో వాద్యకారుడు పుట్టింది అమెరికాలో, కన్నుమూసింది మన కలకత్తాలో. పేరు టెడ్డీ వెదర్‌ఫర్డ్. జాజ్ అంటే చెవి కోసుకునేవాళ్లలో కూడా ఈ పేరు విననివాళ్లే ఎక్కువ, నా ఉక్రోషం అంతా అదే.

1903లో వర్జీనియా రాష్ట్రంలో పోకహాంటస్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడాయన. కుర్రతనంలో న్యూ ఆర్లియన్స్ చేరి అక్కడే పియానో పట్టాడు, 1920ల మొదట్లో షికాగో వచ్చిపడ్డాడు. షికాగోలో నల్లవాళ్లు ఉండే పేటలో వెండోమ్ అని ఒక సినిమా హాలు ఉండేది. అవి మూకీల రోజులు కదా, తెర మీద బొమ్మ కదులుతుంటే కింద కూర్చున్న ఆర్కెస్ట్రా దానికి తగ్గట్టు వాయించాలి, ఏడుపు సీనుకి ఒకలా, తన్నులాటకి ఇంకోలా. ఎర్‌స్కిన్ టేట్ అనే ఆయన ఆ ఆర్కెస్ట్రా నడిపేవాడు. పియానో దగ్గర మన టెడ్డీ. ట్రంపెట్ ఎవరనుకున్నారు? జాజ్‌లో అందరికంటే పెద్ద పేర్లలో ఒకడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్!

1926 మే నెలలో ఈ బృందం ఒక రికార్డు ఇచ్చింది, రెండు వైపులా రెండు పాటలు, ఒక్కోటి మూడు నిమిషాలు. అందులో ‘స్టాటిక్ స్ట్రట్’ అనేది దొరికితే ఆర్మ్‌స్ట్రాంగ్‌ని కాసేపు పక్కన పెట్టి పియానో మీద చెవి పెట్టండి. ఎడమ చెయ్యి ఎక్కడో అడుగున ఒక మంద్ర స్వరం కొట్టి, మీటల మధ్యలోకి ఎగిరి రెండు మూడు స్వరాలు కలిపి నొక్కి, మళ్లీ కిందికి దూకుతుంది, అలా లయ తప్పకుండా పాటంతా. కుడి చెయ్యి మాత్రం ఆ లయతో నాకేం పని అన్నట్టు ఎటో పరుగులు తీసి, సమం దగ్గరికి వచ్చేసరికి ఠంచనుగా కలుస్తుంది. మన కచేరీలో వయొలినూ మృదంగమూ చేసే పని ఒక్క మనిషి రెండు చేతులతో చేస్తున్నట్టు ఉంటుంది. ఆ వేగంలో ఆ ఎడమ చెయ్యి గురి తప్పకపోవడం అంటే మాటలు కాదు.

అప్పుడే షికాగోలో ఎర్ల్ హైన్స్ అని ఇంకో కుర్రాడు ఉండేవాడు, టెడ్డీ కంటే వయసులో కొన్ని నెలలే తేడా. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాళ్లు. హైన్స్ అమెరికాలోనే ఉండిపోయి 1928లో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో రికార్డులు చేశాడు, జాజ్ పియానోకి దారి వేసిన మనిషిగా పుస్తకాలకెక్కాడు, 1983 దాకా బతికాడు. టెడ్డీ మాత్రం 1926లోనే జాక్ కార్టర్ అనే డ్రమ్మర్ బృందంతో ఓడెక్కి తూర్పుకి వచ్చేశాడు.

ఎందుకొచ్చాడో ఆయన మనసులో దూరి చెప్పలేం గానీ, ఆ రోజుల్లో అమెరికాలో నల్లవాడు ఎంత గొప్పగా వాయించినా, తను వాయించే హోటల్లో ముందు గుమ్మంలోంచి అడుగుపెట్టనివ్వని చోట్లు బోలెడు. తూర్పున చైనాలోని షాంఘైలో ఆయన దర్జా వేరు. ఒకే రాత్రి ఒక క్లబ్బులో కాసేపు వాయించి, అందర్నీ పలకరించి, బండెక్కి ఇంకో క్లబ్బుకి, అక్కణ్ణించి మరోదానికి. బక్ క్లేటన్ అనే ట్రంపెట్ వాద్యకారుడి బృందాన్ని 1934లో అమెరికా వెళ్లి షాంఘైకి పిలుచుకొచ్చింది కూడా ఈయనే. ఆ క్లేటన్ తర్వాత అమెరికాలో పేరుమోసిన కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరి పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

1937లో పారిస్‌లో కొన్ని పాటలు ఒంటరిగా వాయించి రికార్డు చేశాడు. ఆ దశకంలోనే బొంబాయి తాజ్‌మహల్ హోటల్లోనూ వాయించాడు. అలాంటి హోటళ్ల బృందాల్లో పనిచేసిన గోవా వాద్యకారులు చాలామంది తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి వెళ్లారు. ఆ పాత హిందీ పాటల్లో ట్రంపెట్ ఎందుకలా చిందులేస్తుందో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

చివరికి కలకత్తా, చౌరంగీ మీద గ్రాండ్ హోటల్. రెండో ప్రపంచయుద్ధం. ఊరి నిండా అమెరికన్, బ్రిటిష్ సైనికులు. 1942లో జపాన్ బర్మాని పట్టుకోవడంతో అక్కణ్ణించి పారిపోయి వచ్చిన వాద్యకారులు కూడా టెడ్డీ బృందంలో చేరారు. అమెరికా సైన్యం రేడియోలో వీళ్ల సంగీతం ప్రసారమయ్యేది. ఓడలో పని చేస్తూ కలకత్తాలో దిగిన జిమ్మీ విదర్‌స్పూన్ అనే కుర్రాడు టెడ్డీ బృందంతో ఆ రేడియోలో పాడాడు, తర్వాత అమెరికాలో పేరున్న బ్లూస్ గాయకుడయ్యాడు. ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. 1943లో హోటల్ లోపల డాన్సులు సాగుతుంటే బయట అదే ఊరి పేవ్‌మెంట్ల మీద జనం తిండి లేక చచ్చిపోతున్నారు. బెంగాల్ కరువు. అది మింగేసి ఆ రోజుల జాజ్ వైభవం గురించి మురిసిపోవడం నాకు చేతకాదు.

1945 ఏప్రిల్ 25న టెడ్డీ కలరాతో పోయాడు. నలభై ఒక్కేళ్లు. యుద్ధం ఇంకో నాలుగు నెలల్లో ముగిసిపోతుంది. బతికుంటే అమెరికా తిరిగి వెళ్లేవాడో, కలకత్తాలోనే ఉండిపోయేవాడో. ఆయన షికాగో రికార్డులూ, పారిస్‌వీ, కలకత్తాలో కొలంబియా కంపెనీకి చేసినవీ కొన్ని ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కలకత్తావి డాన్సుల కోసం చేసిన మామూలు సరుకే ఎక్కువ, వాటితో మొదలుపెడితే నిరాశపడతారు. ముందు పారిస్‌వి వినండి, ఆ తర్వాత షికాగో.