కాళ్లు వణుకుతుండగానే కొండ దిగడం ఎలా?

నమస్తే అండీ. టైం ఉదయం ఆరున్నర. నా వెనక కనిపిస్తున్నది భువనగిరి కోట. కోట అంటాం కానీ ఇదంతా ఒకటే బండ. కోడిగుడ్డును పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది, 500 అడుగుల పైనే ఎత్తు. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడు కాబట్టి త్రిభువనగిరి అన్నారు, వాడుకలో భువనగిరి అయింది.

ఈరోజు మనం మాట్లాడుకునేది రాపెలింగ్ గురించి. అంటే నడుముకు, తొడలకు హార్నెస్ అనే పట్టీలు బిగించుకుని, వాటికి తగిలించిన తాడు మీద, బండ మీద వెనక్కి అడుగులేస్తూ దిగడం. ముడులు వేయడం మాత్రం నేను నేర్పను. అది ట్రైనర్ దగ్గరే నేర్చుకోవాలి, వీడియోలు చూసి వద్దు, నా వీడియో చూసి అసలే వద్దు. భయం వేసినప్పుడు ఏం చేయాలన్నదే నా సబ్జెక్ట్. అందులో నాకు బోలెడంత అనుభవం ఉంది, ఎందుకంటే ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చడానికి కూడా నేను మా అమ్మాయిని పిలుస్తాను.

మొదటిసారి ఇదే కొండకు వచ్చాను. హార్నెస్ వేసుకున్నాను, హెల్మెట్ పెట్టుకున్నాను, ఫొటోలు కూడా దిగాను. అంచు దాకా వెళ్లాక కిందికి ఒక్కసారి చూశాను, అంతే. అన్నీ విప్పేసి మెట్ల దారిన దిగి వచ్చేశాను. దారిలో నిమ్మసోడా తాగాను. "ఏమైంది మమ్మీ?" అంటే "ఎండ ఎక్కువైంది" అన్నాను. ఫిబ్రవరి నెల అది!

ఆ తర్వాత చాలామంది నాకు పూర్ణ గురించి చెప్పారు. మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. "చిన్నపిల్ల ఎవరెస్టే ఎక్కింది, నువ్వు బండ దిగలేవా?" అనేవారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు, సిగ్గు మాత్రమే ఇచ్చింది. సిగ్గుతో కొండ దిగలేం. కానీ ఒకరోజు ఆ కథను ఇంకోలా చదివాను. పూర్ణను నేరుగా ఎవరెస్ట్ దగ్గరికి తీసుకెళ్లలేదు కదా. ముందు ఇక్కడే, ఈ భువనగిరి బండ మీద ట్రైనింగ్. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. నేను ఆ మెట్లన్నీ దాటేసి ఒకేసారి అంచు దగ్గర నిలబడ్డాను. తప్పు అక్కడ జరిగింది.

అందుకని రెండోసారి నేను దిగడానికి రాలేదు. మెట్లెక్కి, అంచుకు పది అడుగుల దూరంలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా తిని వెళ్లిపోయాను. నవ్వకండి, అదే ఆరోజు పని. మూడోసారి హార్నెస్ వేసుకుని, నేల మీదే నిలబడి, తాడు మీద నా బరువంతా వేసి వెనక్కి వాలాను. పడితే నాలుగు అంగుళాలు పడతాను. కానీ తాడు పట్టుకుందని నా నడుముకు తెలిసింది. మెదడుకు చెబితే సరిపోదండీ, నడుముకు తెలియాలి. నాలుగోసారి ఇరవై అడుగుల చిన్న బండ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇటు రండి, కెమెరా కొంచెం కిందికి తిప్పుతాను.

ఇది అంచు. ఇక్కడ నిలబడగానే మీ భయం మీకొక సలహా ఇస్తుంది: "బండకు అతుక్కుపో." చేతులతో తాడును గట్టిగా పట్టుకోమంటుంది, ఛాతీని రాతికి ఆనించమంటుంది. ఆ మాట విన్నారో, మీ కాళ్లు జారతాయి. ఎందుకంటే ఒళ్లు నిటారుగా ఉంటే బరువు పాదాల మీదుగా కిందికి జారుతుంది, బూటుకు రాతి మీద పట్టు దొరకదు. అదే వెనక్కి వాలి, కుర్చీలో కూర్చున్నట్టు నడుమును గాల్లోకి వదిలితే, పాదాలు రాతిని నొక్కుతాయి. పట్టు వస్తుంది. అంటే మన ఒళ్లు ఏది ప్రమాదం అనుకుంటుందో, ఇక్కడ అదే క్షేమం. నాకు ఇది అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

అలాగని భయం చెప్పేదంతా తప్పని కాదు. "ఆ తాడు ఒకే చెట్టుకు కట్టారేంటి?" అని మీకు అనిపిస్తే, ఆ భయానికి దండం పెట్టి, వెళ్లి అడగండి. తాడును కనీసం రెండు వేరువేరు చోట్ల కట్టాలి. మీరు దిగే తాడు కాకుండా, ఇంకో మనిషి పట్టుకునే సేఫ్టీ తాడు విడిగా ఉండాలి. కారబైనర్‌కు మర బిగించి ఉండాలి. ఇదిగో, ఈ కొక్కెం. దీని మీద కిలోన్యూటన్లలో అంకె చెక్కి ఉంటుంది. 22 అని ఉంటే సుమారు రెండు టన్నులకు పైగా బరువు ఆపగలదని లెక్క. అయితే నిలువుగా లాగినప్పుడే. అడ్డంగా తిరిగిందంటే ఆ బలం మూడో వంతుకు పడిపోవచ్చు. కాబట్టి అడ్డం తిరిగిందేమో ప్రతిసారీ చూసుకోవాలి. ఇవి అడిగితే చిరాకు పడే ట్రైనర్ దగ్గర దిగకండి. డబ్బులు పోతే పోయాయి.

వర్షం పడిన బండ మీద భయం వేస్తే, అది కూడా సరైన భయమే. తేనెపట్టు కనిపిస్తే కూడా అంతే. సెంటు కొట్టుకుని, కేకలు వేసుకుంటూ పట్టు పక్కన దిగడం ధైర్యం కాదు.

సరే, అన్నీ సరిచూసుకున్నాం, అయినా కాళ్లు వణుకుతున్నాయి. వణకనివ్వండి. క్లైంబర్లు దీనికి ముద్దుగా కుట్టుమిషన్ కాలు అని పేరు పెట్టుకున్నారు. కాలి మునివేళ్ల మీద బరువు వేసి, పిక్క బిగబట్టి ఉంచితే కాలు టకటకా ఆడుతుంది. పైగా టెన్షన్. మడమను కిందికి దించండి, చాలావరకు ఆగుతుంది. ఊపిరి నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పీల్చే దానికంటే వదిలేది పొడుగ్గా ఉంటే గుండె దడ కాస్త నెమ్మదిస్తుంది. కిందికి చూడకండి అంటారు కానీ, ఎక్కడ చూడాలో చెప్పరు. మీ బూటు పక్కన రెండడుగుల రాతిని చూడండి. ఎక్కడ గరుకుగా ఉంది, ఎక్కడ నాచు ఉంది? కంటికి పని దొరికితే మనసుకు కథలు అల్లే తీరిక ఉండదు.

ఇంకొకటి, కుడిచెయ్యి. తుంటి వెనక తాడును పట్టుకున్న ఈ చెయ్యే బ్రేకు. దోమ కుట్టినా, ఫోన్ మోగినా ఇది వదలకూడదు. చున్నీలు, ఉంగరాలు, విరబోసిన జుట్టు ఇంట్లోనే. తాడు జారే వేగాన్ని అదుపు చేసే పరికరం, అదే డిసెండర్‌లో, జుట్టు ఇరుక్కుంటే మధ్యలో ఆగిపోతారు, అది చాలా నొప్పి.

ఇక ఇంట్లోంచి కదలడం గురించి. మనకు ఆరంభశూరులమని ఎలాగూ పేరుంది, నేను అందులో పెద్ద శూరురాలిని. బూట్లు కొని ఏడాది అటక మీద పెట్టాను. చివరికి నన్ను కదిలించింది ఉత్సాహం కాదు, పక్కవీధిలో ఉండే అక్క. "ఆదివారం ఐదింటికి సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉంటా, నీ టికెట్ కూడా తీశా" అంది. ఇంక ఎలా మానేస్తాను? మీకూ అలాంటి అక్కో తమ్ముడో ఉంటే ఈ రాత్రే ఫోన్ చేయండి. మార్చి వచ్చిందంటే బండ కాలిపోతుంది, కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.

అంచుకు వచ్చాక కూడా వద్దనిపిస్తే వెనక్కి రండి. మెట్లు అక్కడే ఉంటాయి, నిమ్మసోడా కూడా.

ఇది నా ఆరోసారి. చెయ్యి చూడండి, ఇప్పటికీ చెమటే. ఆ అక్క కింది నుంచి అరుస్తోంది, నా వంతు వచ్చిందట. కుడిచెయ్యి ఖాళీ ఉండాలి కదా, కెమెరా ఆపేస్తున్నాను.