మూడు సోలల లెక్క

(మహబూబ్‌నగర్‌లో మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెండ్లకు, వెనక నిలబడ్డ అన్నదమ్ములకు నమస్కారం.

పర్యావరణం గురించి మాట్లాడమని పిలిచారు. నేను బియ్యం కొలిచే సోలతో మొదలుపెడతాను.

మా అత్తమ్మ ఉన్నప్పుడు ఇంట్లో ఏడుగురం. పూటకు మూడు సోలల బియ్యం ఎసట్లో పోసేది. ఆమె పోయింది. ఆడబిడ్డలకు పెండ్లిళ్లయ్యాయి, నా పిల్లలు హైదరాబాద్ చేరారు. ఇద్దరమే మిగిలాం. అయినా చాలా ఏండ్లు నా చెయ్యి రెండు సోలలకు తగ్గలేదు. వేళకు ఎవరైనా వస్తే బువ్వ చాలదేమోనని భయం. గడప తొక్కినవాళ్లను తిని పొమ్మనకపోతే మనకు మనసొప్పదు కదా!

పల్లెలో ఉన్నన్నాళ్లు మిగిలింది కుడితి గోలెంలో పడేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, అడుగంటిన బువ్వ అన్నీ అందులోనే. బర్రె తాగేది, మనకు పాలిచ్చేది. పట్నం వచ్చాక బర్రె లేదు, గోలెం లేదు. కవర్లో ముడివేసి చెత్తబండికి ఇచ్చాం. డంపింగ్ యార్డులో ఆ ముడి కింద పడి గాలి ఆడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేండ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ. 2022లో ప్రపంచం పారేసిన తిండిలో 60 శాతం హోటళ్లలోనో పెండ్లిళ్లలోనో కాదు, ఇండ్లలోనే పోయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. ఆ మాట చదివిన రోజు నేను సోల మార్చాను. ఇప్పుడు పూటకు ఒక్క సోల. ఎవరైనా వస్తే ఇంకో ఎసరు పెడతాను, ఇరవై నిమిషాల పని.

ఇక ఆ బువ్వ సంగతి. పాలమూరు వానలు ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జొన్న పంటకు 450 నుంచి 550 మిల్లీమీటర్లు చాలు. వరికి 1200 దాటాలి. ఆ తేడా ఎక్కడ్నుంచి వస్తుంది? కాలువ ఉన్నచోట కృష్ణ నుంచి, లేనిచోట బోరు నుంచి. బోరు ఎంత లోతుకు దించామో మీ అందరికీ తెలుసు. నల్లగొండ పల్లెల్లో ఆ రాతి పొరల నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలు వంచిందో కూడా తెలుసు. నీళ్లు నిలిచిన వరి మడి నుంచి కూడా మీథేనే లేస్తుంది. వరి రైతును తప్పుపట్టడం లేదు. కొనేవాడు ఉన్న పంటే రైతు వేస్తాడు. కొనేది మనం.

మా అమ్మ తరంలో వరి బువ్వ పండుగకే. ఎర్రచెల్కల్లో పచ్చజొన్న, ఆలంపూర్ వైపు నల్లరేగడిలో తెల్లజొన్న. పచ్చజొన్న సాళ్ల మధ్య కంది. కంది వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇచ్చేవి, అందుకే యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే పని లేకపోయేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక కంచం మారింది. అది పేదింటి ఆకలి తీర్చిన పథకం, దాన్ని నేను చిన్నచూపు చూడను. కాకపోతే దానితోపాటు జొన్న తినడం అంటే లేనితనం అనే సిగ్గు కూడా వచ్చింది. ఆ సిగ్గు మాత్రం మనకు అక్కరలేదు.

రాత్రి ఒక్క పూట జొన్నకు తిరుగుదాం, నేనడిగేది అంతే. రొట్టె విరిగిపోతుందని కోడలు పిల్లలు భయపడతారు. పిండి తాజాగా పట్టించాలి, నెల దాటిన పిండి సాగదు. నీళ్లు తెర్లేదాకా కాగాక కొంచెం కొంచెంగా పిండిలో పోసి గరిటెతో కలిపి, వేడి ఓర్చుకునేటంత చల్లారాక అరచేతి మడమతో గట్టిగా మర్దించాలి. అంచు పగిలిందంటే మర్దన చాలలేదని. పొడి పిండి చల్లి, అరచేత్తో తడుతూ రొట్టెను తిప్పుతూ పోవాలి. పెనం మీద వేశాక పై పొరకు తడిగుడ్డ అద్దాలి. ఆ తడి ఆరగానే తిరగేస్తే రొట్టె పొంగుతుంది. దానికి పచ్చిపులుసు చాలు, పుంటికూర తొక్కు ఉంటే ఇంకేం కావాలి!

ఇద్దరు చెల్లెండ్లు నాతో గట్టిగానే వాదించారు. రేషన్‌లో సన్నబియ్యం ఉత్తగా వస్తుంటే జొన్నలు కొనాలా అని ఒకామె. నిజమే. రేషన్ బియ్యం వదలొద్దు, పారేయొద్దు. నెలకు రెండు మూడు కిలోల జొన్నలు సంఘంలో పదిమంది కలిసి నేరుగా రైతు దగ్గర కొంటే దుకాణం ధర పడదు. అట్లాగని చిరుధాన్యాల బిస్కెట్లు, నూడుల్స్ కొనకండి. వాటిలో చక్కెర, మైదా, ప్లాస్టిక్ కవరే ఎక్కువ.

ఇంకో చెల్లెలు, కూలి నుంచి ఏడింటికి వచ్చినదాన్ని నలుగురికి పన్నెండు రొట్టెలు ఎట్లా కొట్టాలి అంది. దానికి నా దగ్గర తియ్యటి మాట లేదు. జొన్న మానేయడానికి సగం కారణం ఆడదాని నడుము నొప్పే. రొట్టె మగవాళ్లు కూడా కొట్టాలి. సాయంత్రాలు రోడ్డు పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు అమ్మే అక్కల దగ్గర నిలబడి కొనుక్కుపోతున్నది మగవాళ్లే కదా. తినడానికి వచ్చిన ఇష్టం తట్టడానికీ రావాలి. రొట్టె కుదరని రోజు గట్క ఉంది, అంబలి ఉంది.

కూరల సంగతి ఒక్క మాట. గంగవాయిల కూర, తుమ్మికూర ఎవరూ విత్తకుండా చేలల్లో మొలిచేవి. ఇప్పుడు పత్తి చేనుకు గడ్డిమందు కొడితే మొదట మాడిపోయేవి అవే. ఇంటి వెనక నాలుగడుగుల మడిలో గంగవాయిల విత్తనం చల్లుకోండి. బియ్యం కడిగిన నీళ్లు దానికే పోయండి. బర్రె లేని ఇంట్లో ఆ మడే మన గోలెం.

ఆ మూల పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయట. పచ్చజొన్న పిండి నేను తెచ్చాను, నిన్ననే పట్టించింది. వెనక నిలబడ్డ తమ్ముళ్లలో ఇద్దరు చేతులు కడుక్కుని రండి. మొదటి రొట్టె మీరు కొడతారు, నేను పక్కన కూర్చుని చెబుతాను.