నోట్లో వేలు పెట్టని వైద్యం

నమస్కారం. ఒక్క మాట ముందే చెప్పి, ఈ వీడియో పూర్తయ్యేవరకు దానినే పట్టుకొని ఉంటాను: నోట్లో వేలు పెట్టకుండా చేసేదాన్ని దంతవైద్యం అనడానికి నేను ఒప్పుకోను. అది ఎంత అందమైన యాప్‌లో వచ్చినా, ఎంత ఖరీదైన స్కానర్‌తో వచ్చినా ఒప్పుకోను.

స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ కథ మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. అమెరికాలోని నాష్‌విల్ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ 2014లో మొదలైంది. పళ్ళ అచ్చు తీసుకునే సామగ్రిని పోస్టులో ఇంటికే పంపి, లేదా తన దుకాణంలో స్కాన్ చేసి, ఎక్కడో కూర్చున్న వైద్యుడు తెర మీద చూసి సరేనన్న తరువాత, పళ్ళను వరుసలోకి తెచ్చే పారదర్శకమైన అలైనర్లను పార్సిల్‌లో పంపించేది. 2019 సెప్టెంబరులో ఒక్కో వాటాను 23 డాలర్లకు అమ్మి మార్కెట్‌లోకి వచ్చినప్పుడు దాని విలువను దాదాపు 890 కోట్ల డాలర్లుగా కట్టారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో తలుపులు మూసేసింది.

మూసేసిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చికిత్స మధ్యలో ఉన్నవారిని మీ ఊరి దంతవైద్యుడిని అడగండి అన్నారు. జీవితాంతం ఉంటుందని చెప్పిన హామీ ఇక లేదన్నారు. నెలవారీ వాయిదాలు కడుతున్నవారు మాత్రం బాకీ తీరేదాకా కడుతూనే ఉండాలన్నారు! నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకులని మన వైపు అంటారే, ఆ సంస్థ తన వినియోగదారులను సరిగ్గా అలాగే చూసింది, అయితే నోట్లో వేలు పెట్టే శ్రమ కూడా పడలేదు.

వ్యాపార విశ్లేషకులు అప్పులు, ప్రకటనల ఖర్చు, పోటీ అని లెక్కలు చెబుతారు. నా లెక్క వేరు. ఆ సంస్థ పంటిని ఫొటో అనుకుంది, అక్కడే దెబ్బతింది. స్కానర్‌కు కనిపించేది చిగురు పైన ఉన్న భాగం మాత్రమే, వేరు ఎముకలో ఉంటుంది. అలైనర్ పంటిని నెట్టినప్పుడు, నెట్టిన వైపున ఎముక కరుగుతుంది, వెనక ఖాళీ అయిన వైపున కొత్త ఎముక పేరుకుంటుంది. పందిరి రాటను పాతిన చోటనే మెల్లగా పక్కకు జరపాలంటే ముందు చుట్టూ మట్టి గట్టిగా ఉందా, వదులై ఉందా చూస్తాం కదా, ఇదీ అంతే. చిగుళ్ళ జబ్బుతో ఎముక ఇప్పటికే తగ్గిపోయిన నోట్లో అదే బలం ప్రయోగిస్తే పన్ను వరుసలోకి రావడానికి బదులు ఊగడం మొదలుపెట్టవచ్చు. ఆ సంగతి తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి, గీతలున్న సన్నని ప్రోబ్‌ను చిగురు సందులోకి దించి లోతు కొలవాలి. ఆ లోతు మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. పంటిని అటూ ఇటూ కదిపి చూడాలి, అద్దం కాడతో తట్టి చూడాలి. ఇవన్నీ చేతిపనులు, ఇందులో ఏ ఒక్కటీ పార్సిల్‌లో ఇమడదు.

టెక్నాలజీ అంటే నాకు భయమని కింద రాయడానికి సిద్ధంగా ఉన్నవారు కాస్త ఆగండి. నోరు నిండా పుట్టీ కుక్కి, వాంతి వస్తున్నా కదలవద్దని కూర్చోబెట్టే పాత అచ్చు పద్ధతి స్కానర్ వల్ల పోతున్నందుకు నాకన్నా సంతోషించేవారు ఉండరు. జూరిక్ విశ్వవిద్యాలయంలో మోర్మన్, బ్రాండెస్టిని అనే ఇద్దరు రూపొందించిన యంత్రం 1985లోనే పంటిలో గుంటను కెమెరాతో కొలిచి, రోగి కుర్చీలో ఉండగానే దానికి సరిపోయే పింగాణీ ముక్కను చెక్కి ఇచ్చింది. అది అద్భుతం. అయితే ఆ కెమెరాను నోట్లో పట్టుకున్నది వైద్యుడే, గుంటలో పుప్పి మిగిలి ఉందేమోనని చూసిందీ ఆయనే.

ఇప్పుడు ఇదే కొలబద్దతో ఎక్స్‌రేలు చదివే కృత్రిమ మేధను చూడండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు తయారుచేసే ఓవర్‌జెట్‌ అనే సంస్థకు 2021లో, పెర్ల్‌ అనే సంస్థకు 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతులిచ్చింది. వైద్యుడి కంటికి జారిపోయిన పుప్పి మచ్చను పట్టుకోవడానికి అది పనికివస్తుంది, కాదనను. కానీ ఈ సాఫ్ట్‌వేర్లను క్లినిక్‌లకు అమ్మేటప్పుడు గొప్పగా చెప్పే మాట ఏమిటంటే, మచ్చ చుట్టూ సాఫ్ట్‌వేర్ గీసిన రంగుల గీతలను తెర మీద చూసిన రోగులు చికిత్సకు త్వరగా ఒప్పుకుంటారని! ఎనామిల్‌లోనే ఆగిన తొలి మచ్చ, పైపొర విరగకుండా ఉంటే, ఫ్లోరైడ్‌తో, సరిగ్గా తోముకోవడంతో అక్కడే ఆగిపోవచ్చు. పైపొర విరిగిందా లేదా అన్నది ఆ రంగు గీత నిక్కచ్చిగా చెప్పలేదు. పంటిని ఆరబెట్టి, దీపం వేసి చూసినవారు చెప్పాలి. గీత కనబడగానే డ్రిల్లు అందుకునే చోట యంత్రం రోగం కన్నా బిల్లును ముందు కనిపెడుతోందని నా అనుమానం.

సెలవులకు ఇంటికి వస్తూ, బంగారం కొట్టుకూ పెళ్ళిళ్ళకూ మధ్యలో రూట్ కెనాల్‌ను కూడా జాబితాలో రాసుకొచ్చే అమెరికా తెలుగువారు ఈ బిల్లుల సంగతి నాకన్నా బాగా చెప్పగలరు. ఇక అలైనర్ల సంగతికి వస్తే, మన నగరాల్లో కూడా ఇంటికే మనిషిని పంపి, సోఫాలో కూర్చోబెట్టి స్కాన్ చేసే అలైనర్ సంస్థలు వచ్చేశాయి. వాటిలో కొన్ని ఎక్స్‌రే కూడా అడుగుతాయి, వైద్యుడిని కూడా కలుపుతాయి, వాటితో నాకు పేచీ లేదు. స్కాన్ చేసి, నవ్వు ఎలా మారుతుందో వీడియో చూపించి, అదే గంటలో వాయిదాల కాగితం ముందు పెట్టేవారితోనే నా గొడవంతా.

నా పళ్ళు చక్కగా వచ్చాయి, మీదంతా ఊరికే గోల అని రాయబోయేవారికి ఒక్క ప్రశ్న. అలైనర్ మొదలుపెట్టకముందు మీ చిగురు లోతును కొలిచి, ఇన్ని మిల్లీమీటర్లు అని మీకు చెప్పినవారు ఉన్నారా? ఉంటే ఆ అంకెను కామెంట్లలో రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.