గోపాల్‌పూర్ వలలో నిన్న పడ్డ కవళ్లు ఇవాళ ఎటు పోయాయి?

[తెల్లవారుజాము. గోపాల్‌పూర్ తీరం. లైట్‌హౌస్ వెలుగు ఇంకా తిరుగుతూనే ఉంది. రెండు తాళ్లు పట్టుకుని రెండు వరసల జనం వెనక్కి అడుగులు వేస్తూ వల లాగుతున్నారు.]

నమస్కారం. నేను బరంపురం వాణ్ణి. మా ఇంటి నుంచి ఈ ఒడ్డుకు బండి మీద అరగంట. ఈ తాళ్లు లాగుతున్నవాళ్లను ఒడియావాళ్లు నోలియాలు అంటారు. ఇళ్లలో మాట్లాడేది మాత్రం తెలుగే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గంజాం మద్రాసు ప్రాంతం నుంచి ఇటు వచ్చేసింది. భాష మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.

మీరు చూస్తున్నది అలివి వల. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, పడవ మీద సముద్రంలోకి వెళ్లి, అర్ధచంద్రాకారంలో వల దించుకుంటూ తిరిగొచ్చి రెండో కొస ఒడ్డుకు చేరుస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి లాగాలి. నిన్న ఇదే చోట, ఇదే వలలో కవళ్లు పడ్డాయి. సార్డిన్ అంటారే, అవి. సంచి ఒడ్డుకు వచ్చేసరికి బుట్టలు చాలక చీరకొంగుల్లో కూడా ఎత్తుకున్నారు. ఇవాళ రెండు గంటలు లాగారు.

[వల సంచి విప్పుతారు. దగ్గరగా: గుప్పెడు నెత్తళ్లు, నాలుగు పీతలు, కరిగిన అద్దంలా ఒక జెల్లీఫిష్.]

ఇంతే.

పక్కనే తాడు చుడుతున్న పెద్దాయన్ని అడిగాను. "తాతా, నిన్నటి చేపలు ఎటు పోయాయి?" ఆయన నా వైపు చూడలేదు. అల వెనక్కి పోతుంటే వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచి అన్నాడు: "నీరు మారిపోనాది బాబూ. సేపేటి సేస్తది?"

ఈ వీడియో అంతా ఆ ఒక్క మాట గురించే. మనకు పైనుంచి చూస్తే సముద్రమంతా ఒకటే నీలం. చేపకు అలా కాదు. ఇక్కడ వెచ్చన, అక్కడ చల్లన. ఇక్కడ ఉప్పు తక్కువ, అక్కడ ఎక్కువ. ఒక చోట ఊపిరి ఆడుతుంది, ఇంకో చోట ఆడదు. నీరు కదిలితే చేప కూడా దానితో కదులుతుంది.

[దృశ్యం మారుతుంది. అరటాకు మీద ఒక కానగంత. వేలితో నోరు తెరిచి మొప్ప పక్కకు తీస్తారు.]

ముందు చేప ఏం తింటుందో చూద్దాం. ఇది కానగంత, కనగర్త అని కూడా అంటారు. దీని శాస్త్రీయ నామం రాస్ట్రెలిజర్ కనగుర్త. అవును, మన మాటే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉంటూ ఇక్కడి చేపల బొమ్మలు గీయించి, జాలర్లు పిలిచే పేర్లతోనే 1803లో అచ్చు వేయించాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ పేరునే తీసుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఈ చేప మీద పరిశోధన జరిగినా మన తీరం మాట పలకక తప్పదు. నాకు ఇది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు మొప్ప లోపల చూడండి. పేలదువ్వెన పళ్లలా సన్నగా, పొడుగ్గా ఉన్నాయి కదా. నోరు తెరుచుకుని ఈదుతుంటే నీళ్లు వీటి మధ్య నుంచి బయటకు పోతాయి, నీళ్లలోని కంటికి కనపడనంత చిన్న జీవులు చిక్కుకుంటాయి. కవళ్లదీ ఇంచుమించు ఇదే పద్ధతి. ఆ జీవులు బతికేది సూక్ష్మమైన నాచు మీద. నాచుకు ఎండ కావాలి, ఎరువు కావాలి. ఎండ పైన ఉంది. చచ్చినవన్నీ అడుగుకు దిగుతాయి కాబట్టి ఎరువు అడుగున ఉంది. అడుగునున్న ఎరువు పైకి ఎలా రావాలి? చిక్కంతా ఇక్కడే.

[వంటింటి గట్టు. ఒక గాజు సీసా, ఉప్పు డబ్బా, సిరా.]

ఇది మీ ఇంట్లో మీరూ చేయండి. సీసాలో సగం దాకా నీళ్లు పోసి, నాలుగు చెంచాల ఉప్పు కలిపి, రెండు చుక్కల సిరా వేశాను. ఇప్పుడు చెంచా వెనక మీదుగా మెల్లగా మామూలు మంచినీళ్లు పోస్తున్నాను. చూడండి, కలవలేదు. కింద నీలం, పైన తెలుపు. మధ్యలో గీత గీసినట్టుంది. ఇప్పుడు స్ట్రా పెట్టి పైన గాలి ఊదుతాను.

[పై నీరు సుడులు తిరుగుతుంది. కింద నీలం కదలదు.]

వానాకాలం తర్వాత మన బంగాళాఖాతం ఇలాగే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసే వరద నీళ్లు, దాని మీద కురిసిన వాన, అన్నీ పైపొరలో మూతలా నిలబడిపోతాయి. మామూలుగా లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వరదల తర్వాత ఉత్తర బంగాళాఖాతంలో పైనీటి ఉప్పు 30 గ్రాముల లోపుకు కూడా దిగిపోతుంది. గాలి ఎంత ఊదినా ఆ మూత సులువుగా కదలదు, కింద ఎరువు కిందే ఉండిపోతుంది. అటు అరేబియా సముద్రంలో గాలులు గట్టిగా వీచి నీటిని బాగా కలియబెడతాయి. అందుకే అక్కడ నాచు ఎక్కువ పెరుగుతుంది.

మరి మన దగ్గర ఆ మూత తెరుచుకునే సమయాలు లేవా అంటే, ఉన్నాయి. అందులో ఒకటి ఇప్పుడే మొదలవుతోంది.

[మార్చి నెల. ఇసుక మీద కాళ్లు కాలుతున్నాయి. నీళ్లలో దిగిన పిల్లలు జిల్లుమని అరుస్తున్నారు.]

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. ఫాల్గుణం వచ్చేసరికి గాలి తిరిగి తీరం వెంబడే నైరుతి నుంచి వీస్తుంది. భూమి తిరుగుతుండడం వల్ల, గాలి తోసిన నీరు మన అర్ధగోళంలో గాలికి కుడివైపుకు జరుగుతుంది. మనకు కుడివైపు అంటే నడి సముద్రం. ఒడ్డు దగ్గర పైనీరు అలా లోపలికి జరిగిపోతే ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లనీరు వస్తుంది. ఎరువు మోసుకొస్తుంది. తాత చెయ్యి పెట్టి పట్టుకున్నది దీన్నే.

అయితే ఎరువు వచ్చింది కదా, చేపలు ఎందుకు పోయాయి? ఎందుకంటే అడుగునీటిలో ఊపిరి తక్కువ. బంగాళాఖాతంలో వంద మీటర్ల లోతు దాటాక కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా తక్కువున్న పొర ఉంది. అలాంటి నీరు పైకి ఎగబాకితే గుంపుచేపలు ముందు తప్పుకుంటాయి. ఎరువు తిని నాచు పెరగాలి, నాచు తిని సూక్ష్మజీవులు పెరగాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికి గానీ కవళ్లకు అక్కడ తిండి దొరకదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందని చేపలు అయిపోయాయని అనుకోకూడదు.

ఇక ప్రవాహం. మన ఒడ్డు వెంబడి ఫిబ్రవరి నుంచి మే దాకా నీరు ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అదే నీరు దిక్కు మార్చుకుని దక్షిణానికి, బారువ, కళింగపట్నం మీదుగా కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఉత్తరాన నదులు పోసిన చప్పటి నీటిని వెంట తెస్తుంది. దసరా తర్వాత దొరికే చేపలకూ హోళీకి దొరికే చేపలకూ తేడా ఎందుకని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

[పాత ఫొటోలు: కూలిన చెట్లు, ఇసుకలో కూరుకుపోయిన పడవలు.]

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఈ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. మా వీధిలో తెల్లారి చూస్తే ఒక్క చెట్టుకూ ఆకు లేదు. 2018లో తిత్లీ, పలాస దగ్గర. తుపాను ఇందాకటి సీసాను పట్టుకుని గిలక్కొట్టినట్టు చేస్తుంది. అంతవరకూ కదలని మూత పగులుతుంది, ఎరువు పైకి వస్తుంది, తుపాను నడిచిన దారి వెంట నాచు పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. కానీ ఆ తిండికి చేరిన చేపను పట్టడానికి వలలూ పడవలూ మిగలాలి కదా. ఫైలిన్ తర్వాత ఇక్కడ చాలా ఇళ్లలో అవి మిగల్లేదు.

[చిలికా సరస్సు, రంభ వైపు నుంచి.]

నీరు మారితే చేప మారుతుందనడానికి నేను చూపించగలిగిన పెద్ద రుజువు సముద్రంలో లేదు, పక్కనే ఉంది. చిలికాకూ సముద్రానికీ మధ్య నీరు వచ్చిపోయే దారి, అంటే మొగ, దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుకతో ఏళ్ల తరబడి పూడిపోతూ వచ్చింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గింది. సరస్సు చప్పబడి కలుపు మొక్కలు అల్లుకుపోయాయి. రొయ్యలు, పీతలు, బొంతచేపలు సముద్రంలో గుడ్లు పెడతాయి, పిల్లలు పెరగడానికి సరస్సులోకి రావాలి. వాటికి తలుపు మూసుకుపోయినట్టయింది. 1999-2000లో చిలికాలో పట్టిన చేపలూ రొయ్యలూ పీతలూ కలిపి దాదాపు 1,750 టన్నులే. 2000 సెప్టెంబరులో సిపకుడ దగ్గర కొత్త మొగ తవ్వారు. 2001-02కి ఆ పట్టుబడి 12 వేల టన్నుల దగ్గరకు చేరింది. ఎవరూ చేపపిల్లల్ని తెచ్చి వదల్లేదు. ఉప్పునీటికి దారి ఇచ్చారు, అంతే. నాకు ఈ అంకెలు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. మన చేతుల్లో కూడా కొంత ఉందని ఇవి చెబుతున్నాయి.

[రుషికుల్య మొగ. ఇసుక మీద తాబేళ్ల అడుగుల చాళ్లు.]

ఇక్కడికి దగ్గర్లో ఇంకో అతిథి ఉంది. ఆలివ్ రిడ్లే తాబేలు. 2023లో రుషికుల్య ఒడ్డున ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టాయి. 2024లో గుంపుగా రానే లేదు. 2025లో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి. ఒడ్డు ఆకారం, గాలి, నీటి వాలు అన్నీ కుదిరితేనే అవి ఒక్కసారిగా పైకొస్తాయి. ఇసుక వేడి కూడా వాటి జీవితాన్ని నిర్ణయిస్తుంది. చల్లటి ఇసుకలో మగపిల్లలు, వెచ్చటి ఇసుకలో ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. ఏటేటా ఎండ పెరిగితే మగవి తగ్గిపోతాయేమోనన్నదే భయం. పక్కనే పొడంపేట. ఆ ఊళ్లో ఇళ్లు ఎన్నో సముద్రంలో కలిసిపోయాయి.

వేడి గురించి ఒక్క మాట. 20 డిగ్రీల ఉప్పునీరు లీటరుకు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీలకు అది 6.2కి పడిపోతుంది. వెచ్చబడ్డ సోడా గ్యాస్ వదిలేసినట్టే. పైన వేడి, కింద ఊపిరాడని పొర. మధ్యలో చేపకు మిగిలే చోటు ఇరుకవుతోంది. ఒకప్పుడు కేరళ వైపే ఎక్కువగా దొరికిన నూనె కవళ్లు ఇప్పుడు తూర్పు తీరంలోనూ పడుతున్నాయి. కానగంతలు లోతుకు దిగి, అడుగు వలల్లో కూడా దొరుకుతున్నాయి.

[ఫోన్ తెర మీద సముద్రపు పటం. ఎరుపు, పసుపు, పచ్చ రంగులు.]

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల నుంచి నీటి వేడినీ నాచు పచ్చదనాన్నీ చూసి, చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో రోజువారీగా చెబుతుంది. వెచ్చనీరూ చల్లనీరూ కలిసే గీత వెంబడి వెతకమంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న 61 రోజులు, ఈ సూచనలు ఉండవు. తాత ఇంటికి ఈ సందేశం ఒడియాలో వస్తే, బడికి వెళ్లే మనవరాలు చదివి తెలుగులో చెబుతుంది. తాత విని, ఒడ్డుకు వెళ్లి నీళ్లలో చెయ్యి పెట్టి చూసుకుంటాడు. రెండూ కలిస్తేనే పడవ దించుతాడు. నాకైతే ఆ పద్ధతి చాలా సరైనదనిపించింది.

ఆ పిల్ల ఒక నోటుబుక్కు పెట్టుకుంది. అడిగితే తెచ్చి చూపించింది.

[దగ్గరగా: గీతల పుస్తకం. తిథి, గాలి, నీరు, చేప అని నాలుగు గడులు. నీటి మరకలు.]

ఇవాళ్టి వరస ఇది. తదియ. గాలి నైరుతి. నీరు చల్లన. చేప దగ్గర కవళ్లు అని రాసి కొట్టేసి, పక్కన నెత్తళ్లు, గుప్పెడు అని రాసింది. "మళ్లీ ఎప్పుడు వస్తాయమ్మా?" అని అడిగాను. తాత వైపు చూసింది. "నాలుగైదు రోజులు పోనియ్యి, నీరు పచ్చబడాల," అన్నాడాయన. ఆ పిల్ల కింద ఐదు వరసలు గీసి, ఐదింటికీ తిథులు ముందే వేసి పెట్టుకుంది.