యాట ఒళ్లు జాడిస్తే ఒప్పుకున్నట్టేనా?

[దృశ్యం: మేడారం, జంపన్నవాగు ఒడ్డు. చెట్ల కింద విడిది గుడారాలు.]

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే జాతరలో భక్తులు సమ్మక్క సారలమ్మలకు ‘బంగారం’, అంటే బెల్లం, సమర్పిస్తారు. యాటనో, అంటే మేకనో గొర్రెనో, లేకపోతే కోడినో కోసి మొక్కు తీర్చుకుంటారు. కోసే ముందు యాటకు పసుపు కుంకుమలు పెట్టి, వీపు మీద నీళ్లు చల్లి ఎదురుచూస్తారు. అది ఒళ్లు జాడించేదాకా కత్తి లేవదు. జాడిస్తే తల్లి మొక్కు అందుకున్నదని, యాట కూడా ఒప్పుకున్నదని పెద్దలు అంటారు. చన్నీళ్లు పడితే ఏ జీవమైనా ఒళ్లు దులుపుకుంటుందని మేకలు కాసినవారికి తెలియదా? తెలిసినా, అడగకుండా ప్రాణం తీయడానికి చెయ్యి రాలేదన్న మాట ఆ ఆచారంలో ఉంది కాబట్టి, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

అయితే ఒప్పుకోలుతో చంపడంలోని దోషం పోతుందా? మనిషి విషయంలో పోదు. పద్దెనిమిదేళ్లు దాటినవాడు తన చావుకు తానే సమ్మతించినా, చంపినవాడు నేరస్థుడే. అది హత్య కాదు, హత్య కిందికి రాని ప్రాణహరణం అని భారతీయ న్యాయ సంహిత కొంత తగ్గించి లెక్కిస్తుంది, అంతే. కోలుకోని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడాన్ని 2018లో సుప్రీంకోర్టు షరతులతో అనుమతించింది గానీ, సూదిమందుతో చంపడాన్ని అనుమతించలేదు. అదే లారీ గుద్ది లేవలేని స్థితిలో పడి ఉన్న పశువును, యజమాని లేకపోయినా, పశువైద్యుడి ధ్రువీకరణతో, మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని పోలీసు అధికారి చంపించవచ్చని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతుంది. మనిషి దగ్గర నేరమైనది పశువు దగ్గర దయ అయింది.

ఈ తేడాకు ఒక కారణం చట్టంలోనే కనిపిస్తుంది. పరాయివాడి పశువును చంపడం ఆస్తికి సంబంధించిన నేరాల అధ్యాయంలో ఉంటుంది. 1860 నాటి పాత శిక్షాస్మృతి అయితే మేక లాంటి జీవం ఖరీదు పది రూపాయలైనా ఉండాలన్నది. అంటే నష్టపోయినవాడు యజమానే, చచ్చిన పశువు కాదు.

జీవం ఆలోచించగలదా, మాట్లాడగలదా అని కాదు, బాధపడగలదా అని అడగాలని ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లోనే వాదించాడు. నేను ఆయన మాటను సగమే ఒప్పుకుంటాను. బిడ్డ పెళ్లికి, వచ్చే వానకాలం పంటకు లెక్కలు వేసుకునే మనిషిని చంపితే ఆ లెక్కలన్నీ తెగిపోతాయి. యాటకు అంత రేపు ఉందని నేను అనుకోను. కానీ గొంతు మీద కత్తి దిగినప్పటి నొప్పికి అలాంటి తేడా లేదు.

[దృశ్యం: వాగు నీరు.]

కాకతీయ సైన్యంతో పోరులో నేలకొరిగిన సమ్మక్క కొడుకు జంపన్న నెత్తురుతో ఈ నీరు ఎరుపెక్కిందని జనం చెప్పుకుంటారు. ఒక మనిషి చావు వాగుకు పేరైంది. ఇక్కడ కోసిన యాటల్లో ఒక్కదాని గుర్తూ లేదు.

[దృశ్యం: హన్మకొండ నుంచి ములుగు వెళ్లే రోడ్డు.]

ఆహారానికి చంపడాన్ని, మతాచారం ప్రకారం చంపడాన్ని 1960 నాటి చట్టం నేరంగా చూడదు. కానీ అనవసరంగా బాధ కలిగేలా జీవాన్ని తరలించడం అదే చట్టం కింద నేరం. ఈ బండి హ్యాండిల్‌కు కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కోళ్లను చూడండి; వీటి మీద ఇంకా ఎవరూ నీళ్లు చల్లలేదు.