బెంచ్‌రెస్ట్ రైఫిల్ తూటాకు ఇత్తడిని సిద్ధం చేయడం: లోహం వైపు నుంచి
(తిరుపతిలో మెకానికల్, లోహశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

రైఫిల్ షూటింగ్ మీద ప్రసంగం అనగానే బ్యారెల్ గురించో, టెలిస్కోప్ గురించో, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కే నేర్పు గురించో చెబుతారని మీలో చాలామంది అనుకుని ఉంటారు. నేను వాటి జోలికి పోను. తూటా అంటే ఇత్తడి కేసింగ్‌లో మందు నింపి, మూతిలో బుల్లెట్ బిగించినది. బుల్లెట్ వెళ్లిపోయాక రైఫిల్‌లోనే ఉండిపోయే ఖాళీ ఇత్తడి కేసింగ్, దాన్ని మరోసారి పేల్చడానికి సిద్ధం చేసే పద్ధతి, ఆ పద్ధతి వెనకున్న లోహశాస్త్రం, ఇవే ఈ పూట విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పనిలో చేసే తతంగాల్లో చాలావరకు అలవాటు కొద్దీ సాగేవే. ఫలితాన్ని గట్టిగా మార్చేది బుల్లెట్‌ను పట్టుకునే కేసింగ్ మెడ, అంటే ఆ మెడ మందం, దాని మెత్తదనం.

చట్టం సంగతి కూడా మొదటే చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. తూటాల విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ చట్టంలో మందుగుండు నిర్వచనం కిందికే వస్తాయి. కాబట్టి ఇది ఇంటికి వెళ్లి చేసి చూడదగిన ప్రయోగం కాదు. ఇంట్లో తూటాలు నింపుకోవడాన్ని చట్టం అనుమతించే అమెరికా వంటి చోట్ల పెరిగిన క్రీడ ఇది. మన క్లబ్బుల్లో మామూలుగా కనిపించే పాయింట్ టూటూ రిమ్‌ఫైర్ తూటాను ఎలాగూ తిరిగి నింపలేం. దాని ప్రైమర్, అంటే దెబ్బకు అంటుకుని మందును వెలిగించే మిశ్రమం, అంచు మడతలోనే ఉంటుంది, పిన్ను దెబ్బకు ఆ అంచు నొక్కుకుపోతుంది.

బెంచ్‌రెస్ట్ పోటీలో రైఫిల్‌ను కదలని బల్ల మీద, ఇసుక సంచుల ఆధారంతో నిలబెట్టి కాలుస్తారు. లక్ష్యం నడిబొడ్డున కొట్టారా లేదా అన్నది లెక్కలోకి రాదు. అయిదు బుల్లెట్లు చేసిన రంధ్రాల్లో అన్నిటికన్నా ఎడంగా ఉన్న రెండింటి కేంద్రాల మధ్య దూరం కొలుస్తారు, ఆ దూరం ఎవరికి తక్కువైతే వారిది గెలుపు. అమెరికాలో ఈ క్రీడకు జాతీయ సంఘం 1951లో ఏర్పడింది. 1973లో మాక్ మెక్‌మిలన్ 100 గజాల దూరంలో కాల్చిన అయిదు గుండ్ల గుంపు 0.009 అంగుళం, అంటే మిల్లీమీటరులో పావు వంతు కూడా లేదు. చూసేవారికి అది ఒకే రంధ్రం. ఆ తర్వాత రెండేళ్లకు, 1975లో, డాక్టర్ లూయీ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ కలిసి రూపొందించిన సిక్స్ పీపీసీ అనే తూటా ఈ పోటీలను దాదాపుగా తన సొంతం చేసుకుంది. పాయింట్ టూ ట్వెంటీ రష్యన్ అనే తూటా కేసింగ్‌ను తీసుకుని, మెడను 6 మిల్లీమీటర్ల బుల్లెట్‌కు సరిపోయేలా వెడల్పు చేసి, మెడ కింద వాలుగా ఉండే భుజాన్ని రైఫిల్ ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, పేల్చడం ద్వారానే కొత్త ఆకారానికి తెస్తారు. అంటే అంగట్లో కొన్న కేసింగ్ అక్కడ ముడిసరుకు మాత్రమే.

ఇక లోహానికి వద్దాం. కేసింగ్‌కు వాడేది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. జింకు ఈ మోతాదులో ఉన్నప్పుడు అది రాగి స్ఫటికంలోనే పూర్తిగా ఇమిడిపోతుంది, రెండో దశ ఏర్పడదు. అందువల్ల ఈ ఇత్తడి చాలా సాగుతుంది, అయినా బలం పోగొట్టుకోదు. రేకులోంచి బిళ్ల కోసి, దాన్ని గిన్నెలా నొక్కి, ఆ గిన్నెను పొడవాటి గొట్టంగా లాగుతూ పోతారు. లాగిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది, కనుక మధ్యమధ్య కొలిమిలో వేడి చేసి మెత్తబరచవలసి వస్తుంది. బిందెలు, చెంబులు కొట్టే కంచరి సుత్తి దెబ్బల మధ్య పాత్రను మళ్లీ నిప్పుల్లో పెట్టడం చూసిన వారికి ఈ సూత్రం కొత్త కాదు. స్ఫటికంలోని డిస్లొకేషన్లు, అంటే అణువుల వరుస తప్పిన చోట్లు, ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుపడితే లోహం బిరుసెక్కుతుంది. వేడి తగిలి కొత్త స్ఫటిక రేణువులు పుడితే ఆ చిక్కు విడిపోతుంది. తయారైన కేసింగ్‌లో అడుగు భాగం గట్టిగా, మెడ, భుజం మెత్తగా ఉండేలా చూస్తారు. ఈ తేడా కావాలని చేసినదే అని గుర్తుపెట్టుకోండి, దానితో ముందు పనుంది.

పేలినప్పుడు ఛాంబర్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 వేల కిలోలను మించిపోతుంది. పలుచని మెడ ముందుగా ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కుని, వాయువు వెనక్కి తన్నకుండా అడ్డం పడుతుంది; ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుని గోడను వదులుతుంది. ఇత్తడి కాకుండా ఇంకేదైనా లోహం వాడవచ్చు, వాడారు కూడా, కానీ అతుక్కోవడం, వదలడం రెండింటినీ ఇంత తేలిగ్గా చేసే లోహం దొరకడం కష్టం. ఆ తర్వాత కేసింగ్‌ను డైలో, అంటే నొక్కి ఆకారమిచ్చే అచ్చులో, పెట్టి మెడను మళ్లీ చిన్నది చేస్తారు, భుజాన్ని 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా మాత్రమే వెనక్కి నెడతారు. భుజాన్ని అంతకన్నా ఎక్కువ నెడితే పేలిన ప్రతిసారీ అడుగుకు కాస్త పైన గోడ సాగి పలుచనవుతుంది. పేలడంలో ఒక సాగు, డైలో ఒక నొక్కు. నాలుగైదు సార్లు ఇలా జరిగేసరికి మెడ బిరుసెక్కుతుంది.

బిరుసెక్కిన మెడ డైలోంచి బయటికి రాగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది, మెత్తని మెడ నొక్కిన చోటే నిలుస్తుంది. ఒకే డైలోంచి వచ్చిన రెండు కేసింగ్‌లు బుల్లెట్‌ను రెండు రకాల పట్టుతో పట్టుకుంటే, మందు అంటుకున్న తొలి క్షణంలో బుల్లెట్ కదిలే తీరు మారుతుంది, దానితో ఒత్తిడి పెరిగే తీరు మారుతుంది, చివరికి వేగం మారుతుంది. పట్టు ఎక్కువా తక్కువా అన్నది ఇక్కడ అంత పెద్ద సమస్య కాదు, దానికి తగినట్టు మిగతావి సరిచూసుకోవచ్చు. పట్టు ఒక్కో తూటాకు ఒక్కోలా ఉండటమే చేటు.

అందుకే అనీలింగ్. మెడను, భుజాన్ని కొన్ని సెకన్లపాటు వేడి చేసి పాత మెత్తదనం తెప్పించడమే అనీలింగ్. ఉష్ణోగ్రతా, సమయమూ కలిసి పనిచేస్తాయి. కొలిమిలో గంటసేపు ఉంచితే సాధించే మార్పును కొన్ని సెకన్లలో తేవాలంటే అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. గ్యాస్ మంటలో కేసింగ్‌ను తిప్పుతూ వేడి చేసేవారున్నారు, విద్యుత్ ఇండక్షన్ చుట్టలో పెట్టేవారున్నారు. మంటతో చేసేటప్పుడు గది చీకటిగా ఉంచి, మెడ మీద ఎరుపు పొడసూపగానే తీసేస్తారు. భుజం కింద, కేసింగ్ ఒంటి మీద, ఫలానా వేడికి కరిగే లక్క రంగు ఒక చుక్క పూస్తారు. ఆ చుక్క కరిగిందంటే వేడి దిగకూడని చోటికి దిగిందని అర్థం. అడుగు భాగం మెత్తబడితే అది ఒత్తిడిని తట్టుకోలేదు, మంటతో కూడిన వాయువు కాల్చేవాడి ముఖం వైపే వస్తుంది. అడుగు మెత్తబడిన కేసింగ్‌కు మరమ్మతు లేదు, ఎందుకంటే ఇత్తడిని గట్టిపరచడానికి కొట్టడం, లాగడం తప్ప వేడితో చేసే ఉపాయం లేదు.

ఇక్కడ మెకానికల్ విద్యార్థులు తరచూ ఒక పొరపాటు పడతారు. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే బిరుసెక్కుతుంది కనుక ఇత్తడీ అంతేనని అనుకుంటారు. ఇత్తడిలో ఉక్కులాంటి దశ మార్పు లేదు. నీళ్లలో వేసినా, గాలికి ఆరబెట్టినా మెత్తదనం ఒక్కటే. నీళ్లలో వేయడం వల్ల వేడి అడుగుకు పాకకుండా ఆగుతుంది, అంతే.

ఈ వేడి చికిత్సకు మన దేశంతో ముడిపడిన చరిత్ర ఒకటుంది. బ్రిటిష్ వారి కాలంలో భారతదేశంలో సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో భద్రపరిచేవారు. ఎవరూ ముట్టకుండానే, పేల్చకుండానే, ఆ తూటాల మెడలు పగిలిపోయేవి. తయారీలో బుల్లెట్ చుట్టూ మెడను నొక్కి బిగించినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి ఒక కారణం. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ రెండో కారణం. అమ్మోనియా రాగితో కలిసి కరిగే సమ్మేళనంగా మారుతుంది, ఒత్తిడిలో ఉన్న రేణువుల సరిహద్దుల వెంట ఇత్తడిని తొలుచుకుపోతుంది. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు 1921లో దీన్ని వివరించారు. విరుగుడు వేడి చేసి లోపలి ఒత్తిడిని తీసేయడమే. పాడికి పేరున్న మన చిత్తూరు ప్రాంతంలో పశువుల కొట్టంలోని ఆ ఘాటు వాసన తెలియనివారు ఉండరు. దాని పక్క గదిలో ఇత్తడి యంత్రభాగాలు నిలవ పెట్టవద్దని ఇంజనీరు చెబితే అది చాదస్తం కాదు.

కేసింగ్‌లను తోమడంలోనూ ఇదే జాగ్రత్త. అమ్మోనియా ఉన్న పాలిష్‌లు పనికిరావు. మన ఇళ్లలో చింతపండుతో ఇత్తడిని తోముతారు. అందులోని టార్టారిక్ ఆమ్లం పైపొర ఆక్సైడును కరిగిస్తుంది, లోహాన్ని పెద్దగా ముట్టదు. ఘాటైన ఆమ్లంలో ఎక్కువసేపు నానబెడితే మాత్రం జింకు ముందు కరిగి, ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. అలా తిరిగిన కేసింగ్‌ను నమ్మకూడదు. తళతళ మెరవాలన్న పట్టింపు నాకు అర్థం కాదు. మసి పోతే చాలు.

మెడ మందం సంగతి చెప్పాలి. రేకు నుంచి లాగిన గొట్టానికి ఒక పక్క మందం, ఒక పక్క పలుచన సహజంగా ఉంటాయి. అలాంటి మెడలో కూర్చున్న బుల్లెట్ బ్యారెల్ నడి రేఖకు కొంచెం పక్కకు ఒరుగుతుంది. బెంచ్‌రెస్ట్‌లో మెడను చిన్న లేత్ లాంటి పనిముట్టుతో బయటి వైపు చెక్కి, చుట్టూ ఒకే మందానికి తెస్తారు. సిక్స్ పీపీసీలో తరచూ వాడే ఛాంబర్ మెడ వెడల్పు 0.262 అంగుళం, అంటే 6.65 మిల్లీమీటర్లు. బుల్లెట్ 0.243 అంగుళం. మెడ గోడను 0.0085 అంగుళానికి, అంటే 0.22 మిల్లీమీటర్ల దగ్గరికి చెక్కితే, నింపిన తూటా మెడ 0.260 అంగుళానికి వస్తుంది, మొత్తం మీద మిగిలే ఖాళీ 0.002 అంగుళం. చెక్కనిదే ఆ తూటా ఛాంబర్‌లో దూరదు. బలవంతంగా దూర్చితే మెడ బుల్లెట్‌ను వదలలేదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గుండ్రటి మొన ఉన్న బాల్ మైక్రోమీటర్‌తో మెడను నాలుగు చోట్ల కొలిచి, అంగుళంలో పదివేల వంతు తేడాల దగ్గర వాళ్లు వాదించుకుంటారు. కారఖానా ఛాంబర్ ఉన్న మామూలు రైఫిల్‌కు ఈ చెక్కుడు అనవసరం. అక్కడ మెడను పలుచన చేస్తే ఖాళీ పెరిగి ఇత్తడి ప్రతిసారీ మరింత సాగుతుంది, మరింత త్వరగా పగులుతుంది.

బరువు తూచి వేరుచేయడం మీద నాకు అంత గురి లేదు. ఒకే ఛాంబర్‌లో పేలిన కేసింగ్‌ల బయటి ఆకారం ఒకటే కనుక, బరువైన దానిలో లోపలి ఖాళీ తక్కువ ఉండాలన్నది దాని వెనకున్న తర్కం. లెక్క వేద్దాం. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8.5 గ్రాములు. కేసింగ్ బరువులో గ్రాములో పదో వంతు తేడా ఉంటే, లోపలి ఖాళీలో తేడా 0.012 ఘన సెంటీమీటరు. అదీ ఆ తేడా అంతా గోడల్లో ఉంటేనే. అడుగున అంచులోనో, పట్టు గాడిలోనో ఉంటే లోపలి ఖాళీకి దానితో సంబంధమే లేదు. తూచదలచినవారు తూచవచ్చు, కానీ మెడ కొలవకుండా బరువు తూచడం తలకిందుల పని.

ప్రైమర్ గూడును ఒకే లోతుకు తేవడం, ప్రైమర్ మంట మందును చేరే నిప్పు రంధ్రం లోపలి గరుకు అంచును తీసేయడం, మూతి అంచును నునుపు చేయడం ఒక్కసారి చేస్తే చాలే పనులు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. పీపీసీ కేసింగ్‌లో నిప్పు రంధ్రం 1.5 మిల్లీమీటర్లు, మిగతా చాలా కేసింగ్‌లలో 2 మిల్లీమీటర్లు. పాత ప్రైమర్‌ను తోసే పిన్ను మామూలుది వాడితే అది రంధ్రంలో ఇరుక్కుని వంగుతుంది, లేదా రంధ్రాన్ని పెద్దది చేసేస్తుంది.

ఎంతకాలం వాడాలి అన్నది చివరి ప్రశ్న. బెంచ్‌రెస్ట్ వాళ్లు వందల కేసింగ్‌లు మోసుకురారు. కొద్దిపాటి కేసింగ్‌లను పోటీ మైదానంలోనే మళ్లీ మళ్లీ నింపుతూ పోటీ అంతా గడుపుతారు, కనుక ఒక్కొక్కదాని ఆరోగ్యం వాళ్లకు తెలుసు. కొస వంచిన సన్నని తీగను లోపలికి దించి, అడుగు నుంచి గోడ వెంట పైకి మెల్లగా లాగుతారు. అడుగుకు కాస్త పైన కొస ఒక పల్లంలో తట్టుకుని ఆగితే అక్కడ గోడ పలుచబడింది, ఆ కేసింగ్ అక్కడే రెండు ముక్కలవబోతోంది. మెడ పగులు కంటికి కనిపిస్తుంది, ఈ పల్లం కనిపించదు. ప్రైమర్ గూడు వదులై, కొత్త ప్రైమర్ బొటనవేలి ఒత్తిడికే లోపలికి దూరిపోతున్నా దాని పని అయిపోయినట్టే. అనీలింగ్ మెడకు వైద్యం గానీ అడుగుకు కాదు. అలాంటి కేసింగ్‌ను మూతి దగ్గర పట్టకారుతో నలిపి మరీ తుక్కులో వేయాలి, ఎవరూ పొరపాటున ఏరుకుని మళ్లీ వాడకుండా.

ప్రశ్నలుంటే అడగండి.